ఎండ మండుతున్నా సోలార్ ఎందుకు ఆగిపోతుంది?

మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉన్నట్టుండి సప్లై పోయింది. డాబా మీద సోలార్ ప్యానెళ్లు మిలమిలా మెరుస్తూనే ఉన్నాయి. కింద గదిలో ఫ్యాను మాత్రం నెమ్మదించి నెమ్మదించి ఆగిపోయింది. సోలార్ పెట్టించుకున్నాక ఇలా మొదటిసారి జరిగినప్పుడు చాలామందికి మోసపోయామనే అనిపిస్తుంది. ప్యానెళ్ల విద్యుత్తును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ చెడిపోయిందనుకుని, బిగించినవాళ్లకు ఫోన్ చేసి నాలుగు మాటలు అనేవాళ్లూ ఉన్నారు. పాపం, ఆ ఇన్వర్టర్ ఆ క్షణంలో తాను చేయాల్సిన పనే చేసింది.

"భద్రత కోసం ఆగింది" అని చెప్పి ఊరుకోవచ్చు. ఎక్కువమంది చెప్పేది అదే. అది సగం జవాబు. మిగతా సగం తెలియాలంటే ప్యానెల్ దగ్గర మొదలుపెట్టి తీగ వెంట కిందికి దిగుతూ, ప్రతి మజిలీలోనూ ఒకే ప్రశ్న అడగాలి: ఇక్కడ వోల్టేజీ ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? సోలార్ డిజైన్‌లో గానీ, దాన్ని నడిపే కంట్రోల్‌లో గానీ కనిపించే చిక్కుముళ్లలో చాలా వాటికి కొస ఈ ప్రశ్న దగ్గరే దొరుకుతుంది.

ముందుగా ఒక మాట. మన వాడుకలో కరెంటు అంటే ఇంటికొచ్చే విద్యుత్తు మొత్తం. "కరెంటు పోయింది" అంటాం కదా. ఇక్కడ అలా కుదరదు. ఇంటికొచ్చేదాన్ని సప్లై అంటాను. కరెంటు అన్నచోటల్లా ఆంపియర్లలో కొలిచే ప్రవాహమనే అనుకోండి.

ప్యానెల్ బ్యాటరీ లాంటిది కాదు

వెలుతురు తగిలితే ద్రవంలో ముంచిన పలకల మధ్య విద్యుత్తు పుడుతోందని ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే గమనించాడు. పనికొచ్చే సిలికాన్ సెల్ రావడానికి మాత్రం ఇంకా వందేళ్లకు పైగా పట్టింది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చూపించిన సెల్ తన మీద పడిన ఎండలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. ఇప్పుడు బజారులో దొరికే ప్యానెళ్లు 20 శాతం దాటేశాయి. మామూలు ఎండలో, ఒకే జంక్షన్ (రెండు పొరలు కలిసేచోటు) ఉన్న సెల్ ఎంత బాగా చేసినా సుమారు మూడో వంతు దగ్గర ఆగిపోక తప్పదు. ఆ హద్దు ఉందని 1961లోనే షాక్లీ, క్వైసర్ లెక్కగట్టి చూపారు. చరిత్ర ఈమాత్రం చాలు.

సెల్ మీద పడే ఒక్కో ఫోటాన్ (వెలుతురు కణం), దానికి తగినంత శక్తి ఉంటే, ఒక ఎలక్ట్రాన్‌ను తట్టి లేపుతుంది. కాబట్టి ఎండ ఎంతో కరెంటు అంత. వోల్టేజీ కథ వేరు. అది చాలావరకు సెల్ పదార్థం స్వభావం నుంచి వస్తుంది. సిలికాన్ సెల్ ఒక్కోటీ 0.6 నుంచి 0.7 వోల్టుల దాకా ఇస్తుంది. ఎండ ఐదో వంతుకు పడిపోతే కరెంటూ ఐదో వంతుకు పడిపోతుంది, వోల్టేజీ మాత్రం ఏవో కొద్ది శాతాలే తగ్గుతుంది. అందుకే పొద్దు ఇంకా సరిగ్గా ఎక్కకముందే ప్యానెళ్ల తీగల్లో వందల వోల్టులు నిలబడి ఉంటాయి. ప్యానెల్‌కు స్విచ్ లేదు. దాన్ని ఆపాలంటే వెలుతురునే ఆపాలి.

బ్యాటరీ తన వోల్టేజీని పట్టుకుని కూర్చుంటుంది, ఎంత కరెంటు కావాలో లోడు (విద్యుత్తు వాడుకునే సామాను) లాక్కుంటుంది. ప్యానెల్ దీనికి తలకిందులు. ఎండకు తగ్గ కరెంటును అది పట్టుకుని కూర్చుంటుంది. ఏ వోల్టేజీ దగ్గర నిలబడాలో తనకు తగిలించినవాళ్లు చెప్పాలి. ఒక 550 వాట్ల ప్యానెల్ తీసుకుందాం. దాని వెనక స్టిక్కరు మీద నాలుగు అంకెలుంటాయి. తీగలు విడిగా వదిలేస్తే 50 వోల్టులు. రెండు తీగలూ కలిపేస్తే 13.9 ఆంపియర్లు. గరిష్ఠ పవర్ వచ్చేచోట 42 వోల్టులు, 13.1 ఆంపియర్లు. తీగలు విడిగా ఉన్నప్పుడు వోల్టేజీ నిండుగా ఉంది కానీ కరెంటు సున్నా, పవర్ సున్నా. కలిపేసినప్పుడు కరెంటు నిండుగా ఉంది కానీ వోల్టేజీ సున్నా, మళ్లీ పవర్ సున్నా. 30 వోల్టుల దగ్గర నిలబెడితే 410 వాట్ల చిల్లర వస్తుంది. 47 దాకా పోనిస్తే కరెంటు సుమారు సగానికి జారిపోతుంది. 42 దగ్గర మాత్రమే 550. అదే ప్యానెల్, అదే ఎండ.

"మనం వాడుకోని సోలార్ ఎక్కడికి పోతుంది?" అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కడికీ పోదు. తీసుకునేవాళ్లు లేనప్పుడు తట్టి లేపిన ఎలక్ట్రాన్లు సెల్‌లోనే మళ్లీ సర్దుకుంటాయి, ప్యానెల్ ఇంకాస్త వేడెక్కుతుంది. అంతే. ఎండలో పెట్టిన నల్ల రాయికి ఏమవుతుందో దానికీ అదే.

వేడి అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పుకోవాలి. స్టిక్కరు మీది అంకెలు చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అనే ల్యాబు పరిస్థితికి చెందినవి. బయట ఈ రెండూ ఒకేసారి కలవడం అరుదు. అంత ఎండ కాస్తే సెల్ 60, 65 డిగ్రీలకు పోతుంది. సిలికాన్‌కు వేడి పడదు. ఒక్కో డిగ్రీకి పవర్ సుమారు 0.35 శాతం తగ్గుతుంది. 65 డిగ్రీల దగ్గర 550 కాస్తా 473 అవుతుంది. ఎవరూ మోసం చేయలేదు, ప్యానెల్ పాడూ కాలేదు. నిర్మలమైన ఆకాశం, చల్లగాలి ఉన్న రోజు ప్యానెల్‌కు పండగ.

వరుసలో ఎన్ని పెట్టాలి

ప్యానెళ్లను ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపితే దాన్ని స్ట్రింగ్ అంటారు. వోల్టేజీలు కూడుతూ పోతాయి, కరెంటు ఒక్కటే. ఇన్వర్టర్ 1000 వోల్టుల దాకా తట్టుకుంటుంది, ప్యానెల్ 50 వోల్టులు, కాబట్టి 20 పెట్టేయొచ్చు అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే ఇన్వర్టర్లు కాలిపోతాయి.

వేడికి తగ్గే వోల్టేజీ చలికి పెరుగుతుంది కదా. చలికాలం పొద్దున్నే సెల్ 5 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. 25 కంటే 20 డిగ్రీలు తక్కువ. డిగ్రీకి 0.27 శాతం చొప్పున వోల్టేజీ 5.4 శాతం పెరిగి 52.7 అవుతుంది. 20 ప్యానెళ్లకు 1054 వోల్టులు. పైగా అది ఇన్వర్టర్ ఇంకా లేవని సమయం. కరెంటు తీసుకునేవాడు లేడు కాబట్టి వోల్టేజీ పూర్తిగా పైనే నిలబడి ఉంటుంది. ఏడాదిలో మిగతా రోజులన్నీ బాగా నడిచి, అలాంటి ఒక్క ఉదయం లోపలి కెపాసిటర్లో ట్రాన్సిస్టర్లో పోతాయి. 18 పెడితే 949 వోల్టులు. అదీ లెక్క.

రెండో వైపూ చూడాలి. మండువేసవిలో సెల్ 70 డిగ్రీలకు పోతే 42 వోల్టులు కాస్తా 35.4 అవుతాయి, 18 ప్యానెళ్లకు 637. ఇది ఇన్వర్టర్ హాయిగా పని చేసే హద్దుల్లోనే ఉంటుంది. 10 పెట్టి ఉంటే 354 దగ్గర కూర్చుని, చాలా త్రీఫేజ్ ఇన్వర్టర్లకు చాలీచాలనట్టు ఉండేది. డిజైనర్ పని ఆ ఊరి అత్యంత చల్లని ఉదయానికీ అత్యంత వేడి మధ్యాహ్నానికీ మధ్య స్ట్రింగ్‌ను ఇరికించడమే. ఇది తెలియనివాళ్లు వాట్లు కూడి ఊరుకుంటారు.

ఈ స్ట్రింగ్ తీగల గురించి ఒక వింత సంగతి. ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే వందల ఆంపియర్లు దూసుకొస్తాయి, ఫ్యూజు ఎగిరిపోతుంది. స్ట్రింగ్ తీగలు రెండూ కలిసిపోతే వచ్చేది 13.9 ఆంపియర్లే. రోజూ మధ్యాహ్నం పారే 13.1కీ దీనికీ తేడా ఆరు శాతం. ఫ్యూజుకు ఏమీ తెలియదు. అసలు ప్రమాదం తీగలు కలవడంలో కంటే విడిపోవడంలో ఉంది. ఒకే దిక్కున పారే డీసీని మధ్యలో విడదీస్తే రెండు కొసల మధ్య నిప్పు తీగలా సాగుతుంది, దాన్నే ఆర్క్ అంటారు. దిక్కు మార్చుకుంటూ పారే మన ఇంటి ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది కాబట్టి దాని ఆర్క్ చాలాసార్లు తనంతట తానే ఆరిపోతుంది. డీసీ సున్నాను తాకనే తాకదు. అందుకే ఎండలో లోడు మీద ఉన్న కనెక్టర్‌ను ఎప్పుడూ పీకకూడదు. ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత డీసీ ఐసొలేటర్ (డీసీ తీగలను విడదీసే స్విచ్) తిప్పాలి, ఆ తర్వాతే కనెక్టర్. సరిగ్గా నొక్కని కనెక్టర్, ఒక కంపెనీ ఆడదీ ఇంకో కంపెనీ మగదీ కలిపి బిగించిన జత, ఇవి నెమ్మదిగా వేడెక్కి కప్పు మీద మంటలకు కారణమవుతాయి. ప్యానెళ్ల బ్రాండు గురించి గంటసేపు వాదించేవాళ్లు ఈ రెండు అంగుళాల ప్లాస్టిక్ ముక్క గురించి ఒక్క ప్రశ్నా అడగరు.

ఇక నీడ. గొలుసులో అందరిలోనూ ఒకే కరెంటు పారాలి. ఒక సెల్ మీద కాకి రెట్ట పడితే ఆ సెల్ తన వంతు కరెంటు ఇవ్వలేదు. మిగతావాళ్లు వదలరు, బలవంతంగా దాని గుండా తోస్తారు. అది తిరగబడి, ఇచ్చేది పోయి తినేదిగా మారి, కాలుతుంది. దీనికి విరుగుడుగా ప్యానెల్ వెనక పెట్టెలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లుంటాయి. నీడ పడిన మూడో వంతును పక్కన పెట్టి కరెంటుకు దొడ్డిదారి చూపిస్తాయి. మన 18 ప్యానెళ్ల స్ట్రింగ్‌లో 756 వోల్టులకు పోయేది 14, 15 వోల్టులు. రెండు శాతం లోపే. డయోడ్లు లేకపోతే ఒక్క రెట్ట స్ట్రింగ్ మొత్తాన్ని కిందికి లాగేది.

గేరు మార్చేవాడు

ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఏమవుతుంది? వోల్టేజీ బ్యాటరీ నిర్ణయిస్తుంది. పాతకాలం 36 సెల్స్ ప్యానెల్ గరిష్ఠ పవర్ 18 వోల్టుల దగ్గర, 100 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ దాన్ని 13 దగ్గరికి లాగి కట్టేస్తుంది. 5.7 ఆంపియర్లు వచ్చినా 74 వాట్లే. బ్యాటరీ ఛార్జింగును చూసుకునే చవక రకం పీడబ్ల్యూఎం ఛార్జ్ కంట్రోలర్లు చేసేది ఇదే: తలుపు తీయడం, వేయడం. మిగతా పాతిక వాట్లు ప్యానెల్‌లోనే వేడి.

దీనికి గేరున్న సైకిలు గుర్తు తెచ్చుకోండి. కాళ్లకున్న సత్తువ ఒకటే. గేరు మరీ బరువైతే పెడల్ కదలదు, మరీ తేలికైతే కాళ్లు గిరగిరా తిరుగుతాయి కానీ బండి సాగదు. ఎక్కడో మధ్యలో సత్తువంతా చక్రానికి చేరే గేరు ఒకటుంటుంది. డీసీ-డీసీ కన్వర్టర్ అంటే ఆ గేరు. అవతల బ్యాటరీ వోల్టేజీ ఎంతున్నా సరే, ఇవతల ప్యానెల్‌కు తనకు నచ్చిన వోల్టేజీ కనిపించేలా చేస్తుంది. ఆ గేరును ఎప్పటికప్పుడు మార్చే బుర్ర పేరే ఎంపీపీటీ. గరిష్ఠ పవర్ బిందువును వెంటాడే పద్ధతి.

ఎండ ఎంతుందో, సెల్ ఎంత వేడిగా ఉందో ఎంపీపీటీకి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఎక్కువగా వాడే పద్ధతిలో అది చేసేది ఒక్కటే: వోల్టేజీని కొంచెం జరుపు, పవర్ పెరిగిందా? అటే ఇంకో అడుగు వెయ్యి. తగ్గిందా? వెనక్కి తిరుగు. కళ్లకు గంతలు కట్టుకుని దిబ్బ ఎక్కేవాడి నడక. పైకి చేరాక కూడా ఆగడు, అటో అడుగు ఇటో అడుగు వేస్తూ అక్కడే తచ్చాడుతుంటాడు. అడుగు పెద్దదైతే ఆ తచ్చాటలో కొంత పవర్ పోతుంది. చిన్నదైతే మబ్బు వచ్చినప్పుడు అందుకోలేడు. మబ్బు తొలగిపోతున్న క్షణంలో ఇంకో తిరకాసు ఉంది. ఎండ పెరుగుతోంది కాబట్టి ఏ దిక్కున అడుగేసినా పవర్ పెరిగినట్టే కనిపిస్తుంది. "నేను వెళ్లేది మంచి దారే" అనుకుంటూ తప్పు దిక్కున పోతూనే ఉంటాడు. కరెంటు, వోల్టేజీ మార్పుల నిష్పత్తిని చూసుకుని నడిచే ఇంక్రిమెంటల్ కండక్టెన్స్ పద్ధతి పుట్టింది ఈ తిరకాసు కోసమే.

ఇందాకటి కాకి రెట్ట ఇక్కడ మళ్లీ తగులుతుంది. బైపాస్ డయోడ్ తెరుచుకుంటే దిబ్బకు ఒకటికి రెండు శిఖరాలొస్తాయి. గంతలవాడు చిన్న శిఖరం ఎక్కి అదే ఎవరెస్టు అనుకుని సంతోషంగా ఉండిపోవచ్చు. అందుకని మంచి ఇన్వర్టర్లు కొన్ని నిమిషాలకోసారి వోల్టేజీని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి ఊడ్చి చూస్తాయి. ఆ కాసేపు ఉత్పత్తి పడిపోతుంది. యాప్‌లో గ్రాఫు చూసేవాళ్లకు ఆ గాటు కనబడి కంగారు పుడుతుంది.

ఇదే గేరును తిరగేసి వాడటం కూడా ఉంది. 5 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 6 కిలోవాట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ప్యానెళ్లు పెడతారు. నిండు ఎండ ఉండేది రోజులో కాసేపే కాబట్టి ఇది తెలివైన పనే. ఆ కాసేపు ప్యానెళ్లు 5 కంటే ఎక్కువ ఇవ్వగలిగినప్పుడు ఇన్వర్టర్ కావాలనే వోల్టేజీని శిఖరం దాటించి పైకి నెడుతుంది. కరెంటు జారిపోతుంది, పవర్ 5 దగ్గర ఆగుతుంది. గ్రాఫు పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా కనిపిస్తే కారణం అదే.

తొట్టిలో నీటిమట్టం

ఇన్వర్టర్ గుండె ఎక్కడుందంటే చాలామంది డీసీని ఏసీగా మార్చే ట్రాన్సిస్టర్ల వైపు చూపిస్తారు. నేనైతే వాటి ముందున్న, విద్యుత్తును కాసేపు దాచిపెట్టే కెపాసిటర్లను చూపిస్తాను. ఆ భాగాన్ని డీసీ లింక్ అంటారు. చిన్న తొట్టి అనుకోండి. ఒకవైపు నుంచి ఎంపీపీటీ పోస్తుంటుంది, రెండోవైపు నుంచి ట్రాన్సిస్టర్లు తోడుతుంటాయి. నీటిమట్టం అంటే దాని వోల్టేజీ. పోసేది ఎక్కువైతే మట్టం పెరుగుతుంది, తోడేది ఎక్కువైతే పడిపోతుంది.

ఇన్వర్టర్‌లోని ప్రధాన కంట్రోల్ లూప్ ఈ మట్టాన్నే కాపలా కాస్తుంది. 230 వోల్టుల ఏసీ అల శిఖరం 325 వోల్టులు. కాబట్టి సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ తొట్టిలో మట్టం దానికంటే పైన, సుమారు 400 దగ్గర ఉంచుతుంది. ఎండ పెరిగి మట్టం 400 దాటబోతే "గ్రిడ్‌లోకి (సప్లై తెచ్చే లైన్ల వలలోకి) ఇంకొంచెం కరెంటు తోయి" అని లోపలి లూప్‌కు చెబుతుంది. మబ్బు వచ్చి మట్టం తగ్గబోతే "తగ్గించు" అంటుంది. పైన ప్యానెళ్లు ఎంత ఇస్తున్నాయో దీనికి ఎవరూ చెప్పడం లేదని గమనించండి. తొట్టి మట్టమే కబురు. లోపలి కరెంటు లూప్ ఇంకా వేగంగా, సెకనుకు వేలసార్లు పనిచేస్తూ, ట్రాన్సిస్టర్లను ఎంతసేపు తెరవాలో ఎంతసేపు మూయాలో లెక్కగడుతుంది. ఆ తెరిచి మూసే గరుకు అలను చోక్, కెపాసిటర్ల ఫిల్టర్ నునుపు చేస్తుంది. పూర్తి ఎండలో ఇన్వర్టర్ దగ్గర చెవి పెడితే వినిపించే సన్నని ఈలలో ఈ పని వంతు కూడా ఉంది.

ఈ తొట్టి ఎంత చిన్నదో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో 400 వోల్టుల దగ్గర ఉండే శక్తి 80 జౌళ్లు. ప్యానెళ్లు ఇచ్చేదానికంటే లోడు 1000 వాట్లు ఎక్కువ అడిగిందనుకోండి. మట్టం 400 నుంచి 340కి పడిపోవడానికి పట్టేది 22 మిల్లీసెకన్లు. 50 హెర్ట్జ్ ఏసీలో ఒక చక్రం 20 మిల్లీసెకన్లు కదా; అంటే ఒక్క అల దాటిందో లేదో కథ ముగుస్తుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, మొదటి ప్రశ్నకు దీనితోనే పని.

తీగ చెప్పినట్టు ఆడేవాడు

ఇన్వర్టర్ పొద్దున్నే ఎలా లేస్తుందో ఎప్పుడైనా దగ్గరుండి చూడండి. వెలుతురు పడగానే తెర వెలుగుతుంది. ముందు ప్యానెళ్ల తీగలకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ కొలుస్తుంది. మా కప్పు మీద ఒకసారి, వాన వెలిసిన మర్నాడల్లా ఈ పరీక్షలో తప్పి ఎర్ర లైటు వేసుకుని కూర్చునేది. పది గంటలయ్యేసరికి తనంతట తానే నడిచేది. నాలుగోసారికి గానీ పైకెక్కి చూడలేదు. ఒక కనెక్టర్ క్లిప్పు ఊడి నీటి మడుగులో పడి ఉంది. ఎండకు మడుగు ఆరితే పరీక్ష పాసయ్యేది. బద్ధకం నాదే.

ఆ పరీక్ష అయ్యాక గ్రిడ్ వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని అలలు) చూస్తూ ఒకటి నుంచి ఐదు నిమిషాల దాకా ఓపిగ్గా ఎదురుచూస్తుంది. అంతా కుదురుగా ఉందనుకున్నాక లోపల రిలే "టక్" మంటుంది. అప్పటి నుంచి అది గ్రిడ్ అలను అనుసరిస్తుంది. ఫేజ్ లాక్డ్ లూప్ అనే చిన్న లెక్క అల ఇప్పుడు ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది అని క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటుంది. దానికి తాళం తప్పకుండా ఇన్వర్టర్ కరెంటు తోస్తుంది. భజనలో పాట ఎత్తుకునేవాడు ఒకడైతే మిగతావాళ్లు వంత పాడినట్టు. వోల్టేజీ ఎవరి చేతిలో ఉంది? గ్రిడ్ చేతిలో. ఎక్కడో వందల టన్నుల బరువుతో తిరుగుతున్న జనరేటర్లు అలను పుట్టిస్తున్నాయి. మన ఇన్వర్టర్ ఆ అల మీద కరెంటు పేరుస్తోంది. ఇలాంటిదాన్ని గ్రిడ్-ఫాలోయింగ్ ఇన్వర్టర్ అంటారు.

ఇప్పుడు సప్లై పోయింది. పాట ఎత్తుకునేవాడు లేడు. వంత దేనికి పాడాలి? పాడటానికి ప్రయత్నించినా, ఆ క్షణంలో ఇంట్లో ఉన్న లోడు ప్యానెళ్లు ఇస్తున్న పవర్‌తో సరిగ్గా వాటుకు వాటు సరిపోవాలి. లేకపోతే ఇందాకటి 22 మిల్లీసెకన్ల లెక్క. ఒకవేళ ఎలాగో సరిపోయి నడిచినా అది ఇంకా ప్రమాదం: ఆ వీధి మాత్రం ఒక దీవిలా మిగతా గ్రిడ్‌తో తెగిపోయి బతికుంటుంది, లైను ఆఫ్ అయిందన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన మనిషి చేతికి అది తగులుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని ఎప్పుడూ కొంచెం కొంచెం గిల్లుతుంటుంది. గ్రిడ్ ఉంటే ఆ గిల్లుడుకు చలించదు. లేకపోతే ఫ్రీక్వెన్సీ జారిపోతుంది, ఇన్వర్టర్ రెండు సెకన్ల లోపు తప్పుకుంటుంది. విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ రాసిన 1547 లాంటి ప్రమాణాలు పెట్టిన గడువు అది. మొదట్లో ఫ్యాను ఆగింది ఇందుకే.

అందరూ ఒకేసారి తప్పుకుంటే

ఇల్లు ఒక్కటే అయితే తప్పుకోవడం మంచి గుణం. అలాంటివి లక్షల్లో ఉన్నప్పుడు అదే గుణం గండమవుతుంది. జర్మనీలో మొదట్లో పెట్టిన నిబంధన ప్రకారం ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటితే ఇన్వర్టర్ వెంటనే విడిపోవాలి. ఉద్దేశం మంచిదే, ఫ్రీక్వెన్సీ పెరిగిందంటే ఉత్పత్తి ఎక్కువైందని అర్థం కదా. కానీ అక్కడ సోలార్ వేల మెగావాట్లకు పెరిగాక లెక్క తిరగబడింది. అంతా ఒక్క క్షణంలో విడిపోతే పూడ్చడానికి ఐరోపా ప్రధాన భూభాగపు గ్రిడ్ సిద్ధంగా ఉంచుకునే తక్షణ నిల్వ 3000 మెగావాట్లే. 2012లో ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు తెచ్చి, అప్పటికే బిగించి ఉన్న లక్షల ఇన్వర్టర్ల సెట్టింగులు మార్పించాల్సి వచ్చింది. కొత్త పద్ధతిలో 50.2 దాటాక విడిపోకుండా, హెర్ట్జ్‌కు 40 శాతం చొప్పున మెల్లగా తగ్గుతాయి. వోల్టేజీని శిఖరం నుంచి పక్కకు జరపడమే దీనికి కావాల్సింది. గేరు ఎలాగూ చేతిలోనే ఉంది.

2016 ఆగస్టు 16న కాలిఫోర్నియాలో జరిగింది ఇంకా విచిత్రం. బ్లూ కట్ అనే కార్చిచ్చు పొగకు 500 కిలోవోల్టుల లైన్ల మీద షార్ట్ సర్క్యూట్లయ్యాయి. లైన్లు వెంటనే కోలుకున్నాయి. కానీ సుమారు 1200 మెగావాట్ల సోలార్ మాయమైంది. విచారిస్తే తేలిందేమిటంటే, షార్ట్ అయిన క్షణంలో ఏసీ అల వంకర పోయింది, ఆ వంకర అలను చూసి చాలా ఇన్వర్టర్లు, అక్కడ 60 ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 57 హెర్ట్జ్ కంటే కిందికి పడిపోయిందని తప్పుగా లెక్కగట్టి తప్పుకున్నాయి. నిజంగా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.8 కిందికి కూడా పోలేదు. ఇంకొన్ని వోల్టేజీ తగ్గిందని కాసేపు మూగబోయాయి. ఒక్క ప్యానెల్ కూడా పాడవలేదు, ఒక్క తీగా తెగలేదు. పోయిందంతా సాఫ్ట్‌వేర్‌లోని తొందరపాటు వల్ల. క్షణిక కుదుపులను ఓర్చుకుని నిలబడాలన్న నిబంధనలు ఆ తర్వాత ఇంకా బిగుసుకున్నాయి.

వీధి స్థాయిలో ఇదే గొడవ చిన్న రూపంలో కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇల్లు కరెంటు వెనక్కి తోసినప్పుడు ఆ తీగ రెసిస్టెన్స్ వల్ల అక్కడ వోల్టేజీ పెరుగుతుంది. 230కి పది శాతం పైన, 253 దగ్గర చాలాచోట్ల హద్దు. దాటితే ఇన్వర్టర్ తప్పుకుంటుంది, మట్టం దిగగానే మళ్లీ వస్తుంది, మళ్లీ దాటుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటివాళ్లకు ఈ బాధే తెలియదు. రియాక్టివ్ పవర్ (పని చేయకుండా తీగలో అటూ ఇటూ ఊగే పవర్) కొంచెం పీల్చుకుని వోల్టేజీని దించే వోల్ట్-వార్ సెట్టింగు దీనికి కొంత మందు. లైను మరీ సన్నదైతే ఆ మందూ అంతంతమాత్రమే; తీగ మార్చాల్సిందే.

పాట తానే ఎత్తుకుంటే

బ్యాటరీ వచ్చి చేరితే బొమ్మ మారుతుంది. తొట్టి వెనక ఇప్పుడు చెరువుంది. లోడు ఒక్కసారిగా 1000 వాట్లు ఎక్కువ అడిగినా మట్టం పడదు. అప్పుడు ఇన్వర్టర్ ఎవరి అలనూ అనుసరించక్కర్లేదు. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని తానే నిర్ణయించి అలను పుట్టించగలదు. దీన్ని గ్రిడ్-ఫార్మింగ్ అంటారు. ఇప్పుడు వోల్టేజీ ఇన్వర్టర్ చేతిలో ఉంది, కరెంటు ఎంతన్నది లోడు ఇష్టం. పెద్ద గ్రిడ్లకు కూడా ఇది అవసరమవుతోంది. తిరిగే బరువైన జనరేటర్లు తగ్గేకొద్దీ, కుదుపును క్షణం పాటు ఆపే ఆ బరువూ తగ్గుతోంది. ఆ పని ఎవరో ఒకరు చేయాలి.

ఇలా సొంతంగా అల పుట్టించే ఇన్వర్టర్ పక్కనే మామూలు సోలార్ ఇన్వర్టర్ ఒకటి ఉందనుకోండి. బ్యాటరీ నిండిపోయింది, ఎండ ఇంకా కాస్తోంది. "ఇక చాలు" అని పక్కవాడికి ఎలా చెప్పాలి? చాలా సిస్టమ్‌లలో విడిగా కబురు తీగ కూడా ఉండదు. అల పుట్టించేవాడు ఫ్రీక్వెన్సీని 51, 51.5 అని మెల్లగా పైకి జరుపుతాడు. పక్కవాడికి తెలిసిన నిబంధన ఒక్కటే, ఫ్రీక్వెన్సీ పెరిగితే తగ్గాలి. తగ్గుతాడు. జర్మనీలో గ్రిడ్‌ను కాపాడటానికి రాసుకున్నటువంటి నిబంధనే, ఒంటరి ఇంట్లో ఇద్దరు మెషిన్ల మధ్య సైగగా పనికొస్తోంది.

బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ ఇంట్లో అదే మధ్యాహ్నాన్ని మళ్లీ ఊహించండి. సప్లై పోతుంది. ఇన్వర్టర్ ముందు రిలే తెరిచి వీధి నుంచి ఇంటిని విడదీస్తుంది. స్తంభం మీది మనిషికి ఇక భయం లేదు. కొన్ని మిల్లీసెకన్లలో సొంత అల మొదలవుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మహా అయితే లైటు ఒకసారి రెప్ప వేస్తుంది. గంట తర్వాత సప్లై వస్తుంది. ఇన్వర్టర్ తొందరపడదు. రెండు అలలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ తన ఫ్రీక్వెన్సీని కొంచెం అటూ ఇటూ జరుపుతుంది, శిఖరం మీద శిఖరం, లోయ మీద లోయ వచ్చేదాకా ఆగుతుంది. అవి కలిసిన క్షణంలో రిలే మూస్తుంది. టక్.